మా రోజుల్లో మోడెమ్‌కి నోరుండేది

ఈ కాలం కుర్రాళ్లకి మోడెమ్ అంటే వేలెడంత పుల్ల, డాంగిల్ అంటారు. ఓ కొసన మూత, పక్కన సిమ్ కార్డు దూర్చే సందు, నెత్తిన ఒక్కటంటే ఒక్క దీపం. ఆ దీపం నీలంగా మిణుకుమంటే ఏమిటి, పచ్చగా నిలకడగా వెలిగితే ఏమిటి అని అడిగి చూడండి. "నెట్ వచ్చినట్టు గురువుగారూ" అంటారు. ఎర్రగా ఉంటే? "రానట్టు." రానప్పుడు వాళ్లకు తెలిసిన వైద్యం పీకి మళ్లీ పెట్టడం. దానికీ లొంగకపోతే మొత్తం పెట్టెకే కరెంటు తీసి మళ్లీ ఇవ్వడం. అదీ అయ్యాక నాకు ఫోన్ చేయడం. రిటైరై విశాఖ కూర్మన్నపాలెంలో మనవలకు ఎక్కాలు చెప్పుకోవాల్సినవాణ్ని ఇంకా పోర్టు రోడ్డు మీద తిరుగుతున్నానంటే ఆ మూడో వైద్యం పుణ్యమే.

నా పని అంకెల్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడం. గాజువాక ఆటోనగర్ మొదలు కాన్వెంట్ జంక్షన్ దాకా ఎక్కడ లారీ కాటా ఉన్నా, ఎక్కడ ట్యాంకు గేజీ ఉన్నా, ఆ అంకె ఆఫీసుకు చేరాలి. మొదట్లో కాగితం మీద రాసి సైకిలెక్కించి పంపేవారు. తర్వాత టెలిఫోను తీగ మీద పంపాం. ఇప్పుడు గాల్లో పంపుతున్నారు. గాల్లో పంపడం గొప్పే, కాదనను. పోయినప్పుడు ఎక్కడ పోయిందో చెప్పే దిక్కు లేదు. నా ఏడుపల్లా అదీ.

మా మోడెమ్ ఇనప డబ్బా. వెనక పాతిక పిన్నుల సాకెట్టు, ముందు వరసగా ఎర్ర దీపాలు, ఒక్కోదాని కింద రెండేసి ఇంగ్లీషు అక్షరాలు. ఓహెచ్ వెలిగితే ఫోను ఎత్తింది. టీఆర్ వెలిగితే కంప్యూటరు సిద్ధంగా ఉంది. సీడీ వెలిగితే అవతలి మోడెమ్ గొంతు దొరికింది. ఎస్‌డీ మిణుకుమంటే మనం పంపుతున్నాం, ఆర్‌డీ మిణుకుమంటే అవతలివాడు పంపుతున్నాడు. ఎస్‌డీ ఆడుతూ ఉండి ఆర్‌డీ చలనం లేకుండా ఉంటే తప్పు మన గదిలో లేదని గుమ్మంలో నిలబడే చెప్పేయొచ్చు. గుమాస్తాలు కూడా ఆ దీపాలు చదవడం నేర్చారు. "ఆర్‌డీ రావడం లేదండీ" అని ఫోన్ చేసేవారు. సగం పని వాళ్లే చేసిపెట్టేవారన్న మాట.

దీపాలు చాలవన్నట్టు స్పీకరొకటి. ముందు డయల్ టోన్, తర్వాత అంకెలు, అవతల రింగు, ఎత్తగానే 2100 హెర్ట్జ్ ఈల. ఆపైన రెండు మోడెమ్‌లూ కీచుమని బేరమాడుకుని ఒక వేగానికి ఒప్పుకునేవి. డయల్ టోనే లేదంటే స్తంభం దగ్గర తెగింది. రింగవుతోంది గానీ ఈల లేదంటే అవతలి మోడెమ్‌కి కరెంటు లేదు. ఈల వచ్చి, బేరం మొదలై, మళ్లీ మొదటికి వచ్చిందంటే లైన్లో గరగర ఉంది. పక్క గదిలో టీ తాగుతూ వింటే చాలు, ఏ సంచీ పట్టుకుని ఎటు వెళ్లాలో తెలిసిపోయేది.

వానాకాలం విశాఖ తీగల సంగతి చెప్పనక్కర్లేదు. ఉప్పు గాలి ఏడాది పొడుగునా ఉన్నదే, దాని మీద వాన. తీగలు కలిసే డీపీ బాక్సు మూత తీస్తే లోపల ఇత్తడి మరలు పచ్చగా చిలుం పట్టి ఉండేవి. లైన్‌మన్ స్తంభమెక్కి, నడుముకున్న టెస్టు ఫోను తగిలించి విని, పైనుంచే తీర్పు చెప్పేవాడు. "నీరు దిగిపోనాది బాబూ. ఈ పెయిరు పనికిరాదు, పక్క పెయిరులోకి మార్సేస్తాను." జంపరు వైరు మార్చేవాడు. నేను కింద డయల్ చేసేవాణ్ని. "ఏటి, వస్తందా?" "వస్తోంది." దిగేవాడు. ఆయనకు మోడెమ్ అంటే ఏమిటో తెలియదు, తెలియాల్సిన అవసరమూ పడలేదు. తీగ ఆయనది, డబ్బా నాది. ఆ హద్దు ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. ఇప్పుడు డాంగిల్ రాకపోతే సిమ్ ఇచ్చినవాడు పెట్టెలోని బోర్డు చేసినవాణ్ని చూపిస్తాడు. బోర్డు చేసినవాడు డాంగిల్ చేసినవాణ్ని చూపిస్తాడు. డాంగిల్ చేసినవాడికి ఈ ఊళ్లో మనిషే లేడు.

అన్నిటికన్నా పెద్ద సుఖం, మోడెమ్‌తో మనం నేరుగా మాట్లాడగలగడం. అమెరికాలో హేస్ కంపెనీ 1981లో స్మార్ట్‌మోడెమ్ అని ఒకటి తెచ్చింది. ఆ మోడెమ్‌కి ఆజ్ఞలివ్వడానికి పెట్టిన భాషే తర్వాత ప్రపంచమంతా వాడింది. ఏటీ అని కొడితే ఓకే అనేది. ఏటీ డీటీ, పక్కన నంబరు కొడితే డయల్ చేసేది. పాత స్ట్రౌజర్ ఎక్స్‌చేంజీ లైనయితే డీటీ బదులు డీపీ కొట్టాలి, అది టకటకమని పల్సులు వేసేది. ఏటీ హెచ్ అంటే పెట్టేసేది. ఎస్0 రిజిస్టర్లో 1 వేస్తే మొదటి రింగుకే ఎత్తేది. ఎస్7లో ఎన్ని సెకన్లు రాస్తే అన్ని సెకన్లు అవతలి గొంతు కోసం ఆగేది. ఇవన్నీ మోడెమ్‌తో పాటు వచ్చే పుస్తకంలో వెనక పేజీల్లో పట్టికగా ఉండేవి. పుస్తకం చిరిగితే జిరాక్సు తీసి అట్టకి అంటించుకునేవాళ్లం. డ్రైవరు అనే మాటే లేదు. సీరియల్ పోర్టుంటే చాలు, అది డాస్ కానీ యూనిక్స్ కానీ, మోడెమ్‌కి పట్టింపు లేదు. పని కాకపోతే కారణం కూడా చెప్పేది: బిజీ, నో డయల్‌టోన్, నో క్యారియర్. మూడు మాటలే. ఆ మూడు మాటలకీ మూడు వేర్వేరు వైద్యాలు.

అప్పటికీ అనుమానం తీరకపోతే జేబులో మల్టీమీటరుంది. ఆర్ఎస్-232 తీగ మీద మాటలన్నీ వోల్టులే. తొమ్మిది పిన్నుల కనెక్టరు తీసుకుని, 5 మీద నల్ల పిన్ను, 3 మీద ఎర్ర పిన్ను పెడితే, కంప్యూటరు బతికి ఉన్నదైతే మైనస్ పదో పన్నెండో చూపిస్తుంది. సున్నా చూపిస్తే పోర్టు కాలిపోయింది. పిడుగులు పడ్డ మర్నాడు ఈ సున్నాలు బాగా కనిపించేవి. ఇప్పుడు యూఎస్‌బీ తీగ మీద మీటరు పెట్టి కరెంటు ఉందో లేదో చూడగలం, అంతే. మాట నడుస్తోందా లేదా అన్నది మీటరుకి అందదు.

పాతదంతా బంగారం అనడానికి నాకు మనసొప్పదు. ఒక్క ఫోటో రావాలంటే కాఫీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి రావచ్చు. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ జనానికి ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు ఆ తొలి నాలుగు నగరాల్లో విశాఖ లేదు. బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు. మనకి కావాలంటే మద్రాసుకి ఎస్టీడీ చేయాలి. అందుకే పొద్దుపోయి రేటు తగ్గేదాకా కళ్లు నులుముకుంటూ కూర్చునేవాళ్లం. లైను మధ్యలో తెగితే నిమిషాలూ పోయేవి, డబ్బులూ పోయేవి. ఆ రోజులు మళ్లీ రమ్మని నేనైతే అడగను. తప్పు చెప్పే గుణం ఒక్కటి మిగిల్చుకుని ఉంటే బాగుండేదంటున్నాను.

ఆ గుణం పోవడం యూఎస్‌బీ డాంగిల్‌తో మొదలైందని అందరూ అంటారు గానీ, నన్నడిగితే అంతకుముందే, 1990ల చివరి నుంచే. మోడెమ్ లోపల ఓ చిన్న బుర్ర ఉండేది. దాన్ని తీసేసి, ఆ పని కంప్యూటరు ప్రాసెసర్‌కే అప్పజెప్పారు. ధర తగ్గింది. దాన్నే విన్‌మోడెమ్ అన్నారు. విండోస్‌లో డ్రైవరు ఉంటేనే అది మోడెమ్, లేకపోతే పచ్చ రేకు మీద నాలుగు చిప్పులు. దీపాలు పోయాయి, పుస్తకం పోయింది, ఓ సీడీ వచ్చింది. లినక్సులో దాన్ని నడపడానికి ఎక్కడెక్కడివాళ్లో రాత్రులు మేలుకున్నారు. చవగ్గా వచ్చిందని సంబరపడ్డ ఆఫీసులన్నీ రెండేళ్లకు విండోస్ మార్చగానే మోడెమ్ కూడా మార్చుకున్నాయి.

ఇప్పటి సంగతికి వద్దాం. ఈ ఊళ్లో సిమ్ కార్డు లేని పెట్టె వెతికినా దొరకదు. 2014 ఫిబ్రవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 17 రకాల పరిశ్రమలు తమ పొగ, తమ నీళ్లు ఎలా ఉన్నాయో ఎప్పటికప్పుడు ఆన్‌లైన్లో చూపించాలంది. ఉక్కు, రిఫైనరీ, ఎరువులు, మందులు, ఆ పదిహేడింటిలో సగం మన చుట్టుపక్కలే ఉన్నాయాయె. చిమ్నీ దగ్గరో పెట్టె, పెట్టెలో ఓ బోర్డు, బోర్డుకో మోడెమ్. హుద్‌హుద్ తుపాను తర్వాత 2015లో ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ వాళ్లు ఊరి వీధిదీపాల్ని తొంభై వేలకు పైగా ఎల్ఈడీకి మార్చారు. ఇవాళ అలాంటి దీపాల ప్యానెల్లోనూ సిమ్ కార్డే. కాటాలకు సిమ్ము, కరెంటు మీటర్లకు సిమ్ము, టిప్పర్లకు సిమ్ము. వీటిలో దేనికీ తెర లేదు, కీబోర్డు లేదు, ముందు కూర్చునే మనిషి లేడు. ఎంబెడెడ్ అంటారు. మనిషి లేని చోట పెట్టే సామానుకి నోరు మరింత ఉండాలా వద్దా? వీళ్లు ఉన్న కాస్త నోరూ కుట్టేశారు.

హుద్‌హుద్‌కి ముందటేడు కాన్వెంట్ జంక్షన్ దాటాక ఓ కాటా క్యాబిన్‌కి పిలిచారు. బొగ్గు లారీలు వరసకట్టి ఉన్నాయి. తూకం సర్వర్‌కి చేరితే గానీ చీటీ రాదు, చీటీ లేకపోతే గేటు తియ్యరు. ఓ డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి "ఏటి బావూ, కాటా అవ్వదేటి? మద్దేనం కూడు తినాలా వద్దా?" అంటున్నాడు. లోపల బీటెక్ పాసైన కుర్రాడు చెమటలు కక్కుతున్నాడు. పాత మోడెమ్ చచ్చిపోతే కొత్త డాంగిల్ తెచ్చి పెట్టాడట.

"డ్రైవర్ ఇన్‌స్టాల్ అవ్వట్లేదు గురువుగారూ."

"ఏ డ్రైవరు నాయనా?"

"డాంగిల్లో ఉందండీ. సెటప్ డాట్ ఈఎక్స్‌ఈ."

ఆ బోర్డు మీదున్నది ఆర్మ్ చిప్పు, దాని మీద లినక్సు కెర్నెల్. దానికి ఈఎక్స్‌ఈ ఏమిటి, పెట్టడం ఏమిటి? కుర్రాణ్ని తిట్టి లాభం లేదు. డాంగిల్ చేసిన పనే అది. పెట్టగానే తను మోడెమ్‌నని చెప్పదు, సీడీ డ్రైవునంటుంది. పగటివేషగాడు నయం, సాయంత్రానికైనా రంగు కడుక్కుంటాడు. విండోస్ అయితే ఆ సీడీలోంచి డ్రైవరు వేసుకుని, ఆ తర్వాత డాంగిల్‌కి ఓ సైగ చేస్తుంది. అప్పుడు గానీ అది మోడెమ్‌గా మారదు. విండోస్ లేని చోట ఆ సైగ చేసేదెవరు?

బోర్డుకి నా ల్యాప్‌టాప్ తగిలించి డీమెసేజ్ చూశాను. కెర్నెల్ తనకు జరిగినవన్నీ అక్కడ రాసుకుంటుంది. ఉంటే గింటే ఈ కాలపు నోరు అదొక్కటే, దాన్ని ఎవరూ వినరు. ఎల్ఎస్‌యూఎస్‌బీ కొడితే డాంగిల్ తన గోత్రనామాలు చెబుతుంది: ఏ కంపెనీ, ఏ సరుకు, రెండు అంకెల గుంపులు. హువావే ఈ1550 అనే పాత రకాన్నే తీసుకుంటే, సీడీ రూపంలో దాని నంబరు 12డీ1, 1446. మోడెమ్‌గా మారాక రెండోది 1001 అవుతుంది. నంబరు మారిందంటే వేషం మారినట్టు. మారకపోతే మనం ఇంకా సీడీతోనే కుస్తీ పడుతున్నామని.

ఆ సైగ ఏమిటో కనిపెట్టినవాడు కంపెనీ మనిషి కాదు. జర్మనీకి చెందిన యోజువా డీట్సె అనే ఆయన యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అని ఒక చిన్న ప్రోగ్రాం రాసి, ఏ డాంగిల్‌కి ఏ సైగ చేయాలో జాబితా కట్టి ఊరికే ఇచ్చాడు. ఆ సైగ చాలా రకాల్లో 55534243 అంకెలతో మొదలవుతుంది. ఆ నాలుగు బైట్లను అక్షరాలుగా చదివితే యూ, ఎస్, బీ, సీ. డిస్కుకి పంపే ఆజ్ఞ అలా మొదలవ్వాలని యూఎస్‌బీ రూలు. అంటే మోడెమ్‌ని నిద్రలేపడానికి డిస్కు భాషలో పిలవాలన్న మాట. ఏటీ అంటే ఓకే అనే రోజుల నుంచి ఎంత దూరం వచ్చామో చూడండి.

వేషం మారింది. అయినా పోర్టు రాలేదు. లినక్సులో ఇలాంటి మోడెమ్‌లకి ఆప్షన్ అనే డ్రైవరు ఉంది. బెల్జియం కంపెనీ ఆప్షన్ కార్డుల కోసం మొదలై ఆ పేరు నిలిచింది, 2005లో మథియాస్ ఉర్లిక్స్ రాసింది. ఇప్పుడు అందులో ఎన్ని కంపెనీల మోడెమ్‌ల నంబర్లు ఉన్నాయో చదువుతూ పోతే తెల్లారుతుంది. ఆ బోర్డు చేసినవాడు జాగా మిగల్చాలని ఆ డ్రైవర్‌ని కెర్నెల్లోంచి తీసేశాడు. ఇంకో చోటి నుంచి తెచ్చి వేస్తే "ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్" అంది. కెర్నెల్ వెర్షన్ ముద్ర అక్షరం పొల్లు పోకుండా కలవాలి మరి. బోర్డు కంపెనీని సోర్సు అడిగితే అడిగిన నాటి నుంచి "పంపుతాం సార్" అన్న జవాబే. అందాకా ఆ లారీలు నిలబడవు కదా. యూఎస్‌బీ సీరియల్ అనే సాదా డ్రైవర్‌కి డాంగిల్ నంబరు చెవిలో వేసి నడిపించాను. మెల్లగా నడిచింది. తూకం అంకెలకు వేగమెందుకు? ఆ సాదా డ్రైవర్ని వాడితే కెర్నెల్ మందలిస్తుంది కూడా, ఇది పరీక్షలకే, అసలు డ్రైవర్‌లో చేర్పించుకోండి అని. ఆ మందలింపు చూస్తే నాకు ముచ్చటేసింది. ఇంకా మాట్లాడే సామాను ఉందన్న మాట లోకంలో.

అక్కడితో అయిపోలేదు. మధ్యాహ్నం ఎండకి డాంగిల్ ఉన్నట్టుండి మాయమవడం మొదలుపెట్టింది. డీమెసేజ్ నిండా ఎర్రర్ మైనస్ 71, కాసేపు మైనస్ 110. మొదటిది మాట తడబడిందని, రెండోది జవాబు రాలేదని. కుర్రాడు డ్రైవర్ మార్చుదామన్నాడు. వాళ్లకి అన్నీ డ్రైవర్లే. నేను తీగ చూశాను. సిగ్నల్ బాగుంటుందని డాంగిల్‌ని కిటికీ పైకి కట్టి, బజారులో దొరికే మూడు మీటర్ల సన్న తీగతో బోర్డుకి కలిపారు. 28 గేజీ తీగ మీటరుకి సుమారు 0.2 ఓమ్. పోను మూడు, రాను మూడు, ఆరు మీటర్లకి 1.2 ఓమ్ దాటుతుంది. డాంగిల్ అర ఆంపియర్ లాగితే తీగలోనే 0.6 వోల్టు పోతుంది. అయిదు వోల్టులతో బయల్దేరింది డాంగిల్ దగ్గరికి నాలుగున్నర కూడా చేరదు. పైగా యూఎస్‌బీ 2.0 పోర్టు మాట ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లకే. టవరు దూరమైన కొద్దీ డాంగిల్ ఇంకా గట్టిగా అరవాలి, ఇంకా ఎక్కువ లాగుతుంది. 3జీ పోయి 2జీకి దిగిందా, క్షణంలో వందో వంతుకు కూడా సరిపోని దెబ్బలుగా లాగుతుంది. రేడియో పక్కన పాత ఫోను పెడితే టకటకమనేది గుర్తుందా, ఆ దెబ్బలే అవి. మీటరు చూస్తే సగటు చెబుతుంది, దెబ్బ చెప్పదు. విడిగా కరెంటు ఇచ్చే హబ్బు పెట్టించి, తీగ పొట్టి చేసి, యాంటెన్నా మాత్రం పైకి పంపాం. మైనస్ 71 మళ్లీ కనబడలేదు.

కనెక్టరు తుడుస్తుంటే గుడ్డకి ఎర్రగా అంటింది. పోర్టు రోడ్డు ముడి ఇనుము ధూళి. దాని మీద సముద్రపు తేమ. యూఎస్‌బీ కనెక్టరు కంప్యూటరు బల్ల మీద పెట్టుకోవడానికి పుట్టింది, మరలు లేవు, పట్టు లేదు. మా పాతిక పిన్నుల దానికి రెండు పక్కలా మరలుండేవి. లారీ పక్కనుంచి వెళ్లినా కదిలేది కాదు. అదో ఏడుపు, పోనీండి.

నవ్వొచ్చే సంగతి ఇంకోటుంది. ఇంత చేసి డాంగిల్ పోర్టు తెరిచి ఏటీ అని కొడితే, ఓకే అంది! 1981 నాటి భాషే. సిగ్నల్ ఎంత అంటే ఏటీ ప్లస్ సీఎస్‌క్యూ, సున్నా నుంచి 31 దాకా చెబుతుంది, 99 అంటే తెలియదని. ఊళ్లో చేర్చుకున్నారా లేదా అంటే ఏటీ ప్లస్ సీఆర్ఈజీ. నెట్ కావాలంటే ఏటీడీ స్టార్ 99 హ్యాష్ అని డయల్ చేయాలి. ఎవరికి డయల్ చేస్తున్నట్టు? అవతల ఫోనూ లేదు, రింగూ లేదు, ఎత్తేవాడూ లేడు. అయినా మోడెమ్ కనెక్ట్ అని జవాబిస్తుంది. ఆ డయలింగ్ చేసే పీపీపీ స్క్రిప్టులో బిజీ, నో క్యారియర్ అంటే ఆగిపో అని మేము రాసుకున్న వరసలు అలాగే ఉన్నాయి. ఆ స్క్రిప్టు నాకు కొత్తగా చదవాల్సిన పని పడలేదు. ఆ కుర్రాడు మాత్రం అది గూగుల్లోంచి అతికించి, ఒక్క వరస ఎందుకుందో అడగలేదు. అడిగాను: "చాట్ స్క్రిప్ట్ అండీ, అలాగే పెట్టాలట." ఎవరు పెట్టమన్నారు?

డాంగిల్ ఒక పోర్టు ఇవ్వదు, మూడు నాలుగు ఇస్తుంది. టీటీవై యూఎస్‌బీ 0, 1, 2. ఒకటి నెట్‌కి, ఒకటి లోపలి పరీక్షలకి, ఒకటి ఆజ్ఞలకి. ఏది ఏదో కంపెనీని బట్టి మారుతుంది, ఎక్కడా రాసి ఉండదు. దీని మీద మోడెమ్ మేనేజర్ అని ఒక సర్వీసు వెంటబడి, కనిపించిన ప్రతి సీరియల్ పోర్టునీ ఏటీ అని పలకరిస్తుంది. పక్కనే కాటా ఇండికేటరు యూఎస్‌బీ సీరియల్ మీద ఉందనుకోండి, పాపం దాన్నీ పలకరిస్తుంది. తూకం మధ్యలో ఏటీ వినబడితే ఆ ఇండికేటరు ఏం చేయాలి? లారీ బరువు చోట చెత్త వస్తుంది. తీరా చూస్తే కాటా మెకానిక్ లోడ్‌సెల్లు మారుస్తూ కూర్చుంటాడు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ పూడిమడక దగ్గర తీరం దాటింది. గంటకి 180 కిలోమీటర్ల గాలి. ఊళ్లో చెట్టు లేదు, స్తంభం లేదు, టవర్లు పడిపోయాయి. జనరేటర్ల మీద ఒక్కొక్క చోటా కరెంటు వస్తున్న కొద్దీ బోర్డులు లేచాయి. టవరు కాసేపు ఉంటుంది, కాసేపు పోతుంది. డాంగిల్ ఉక్కిరిబిక్కిరై తనంతట తనే రీసెట్ అవుతుంది. పాత పీపీపీ ప్రోగ్రాం టీటీవై యూఎస్‌బీ 0ని పట్టుకుని వదలదు. కాబట్టి మళ్లీ వచ్చిన డాంగిల్‌కి ఆ పేరు దొరక్క 3 అని వస్తుంది. స్క్రిప్టు మాత్రం లేని 0కే డయల్ చేస్తూ కూర్చుంటుంది. సిగ్నల్ ఉంది, డాంగిల్ ఉంది, దీపం నీలంగా వెలుగుతోంది, అంకె మాత్రం చేరదు. ఊరంతా నీళ్లకీ పాలకీ క్యూలో ఉంటే, మేం పెట్టెలు తెరిచి ప్రతి డాంగిల్‌కీ లినక్సులోని యూడెవ్‌లో స్థిరమైన పేరు రాసుకుంటూ తిరిగాం. మొదటే రాసి ఉంటే ఆ తిరుగుడు ఉండేది కాదు. బోర్డు అమ్మినవాడి డెమో టేబుల్ మీద డాంగిల్ ఎప్పుడూ రీసెట్ అవ్వలేదు, అందుకని రాయలేదు.

తర్వాత వచ్చినవి ఇంకా తెలివి మీరాయి. కొన్ని డాంగిళ్లు మోడెమ్‌నే కాదంటాయి, నెట్‌వర్కు కార్డునంటాయి. లోపలే ఓ రౌటరు, 192.168.8.1 అని ఓ చిరునామా, ఓ వెబ్ పేజీ. డ్రైవరు గొడవ తగ్గింది, మంచిదే. బయటినుంచి బోర్డుని పలకరించాలంటే మాత్రం ఆ రౌటరు అడ్డం, దాని వెనక కంపెనీ నెట్‌వర్కు ఇంకో అడ్డం. ఏటీ పోర్టు చాలావాటిలో మూసేశారు. సిగ్నల్ ఎంతో తెలుసుకోవాలంటే బొమ్మలున్న పేజీ చూడాలట, తెరే లేని పెట్టెలో!

ఇంత చేసి నిలబెట్టిన వాటి కిందనే నెట్‌వర్కులు లాగేశారు. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది, అప్పట్లో 4జీ ఒక్కటే. ఎయిర్‌టెల్ 2019 నుంచి 3జీని మూసుకుంటూ పోయింది. మా 3జీ డాంగిళ్లన్నీ 2జీకి దిగి నడిచాయి, ఆ కరెంటు దెబ్బలు మళ్లీ మొదలు. కొత్త 4జీ మాడ్యూల్ పెడదామంటే దాని నంబరు పాత కెర్నెల్‌కి తెలియదు. పాత సీరియల్ మోడెమ్ నా దగ్గర ఇప్పటికీ ఉంది, బీరువా కింద. ఏ కంప్యూటర్‌కి పెట్టినా ఓకే అంటుంది, డయల్ చేయడానికే ల్యాండ్‌లైను లేదు.

మొన్న కొత్త కాటాలకి టెండరు వేస్తూ కొనుగోళ్ల కుర్ర ఆఫీసరు నన్ను పిలిపించాడు. కాగితంలో 4జీ అని ఉంది, ఎన్ని ఎంబీపీఎస్సో ఉంది, డబ్బా రంగు కూడా ఉంది. ఎర్ర పెన్ను తీసి రాశాను: డ్రైవరు అసలు లినక్సు కెర్నెల్‌లోనే ఉండాలి, ఏ వెర్షన్ నుంచి ఉందో రాసివ్వాలి. బోర్డు కెర్నెల్ సోర్సు సరుకుతో పాటే ఇవ్వాలి. గరిష్ఠంగా ఎంత కరెంటు లాగుతుందో చెప్పాలి. ఏటీ ఆజ్ఞల పుస్తకం ఇవ్వాలి. అతను మర్యాదగానే చదివి, "అన్నీ రాస్తే ఎవరూ కోట్ చెయ్యరండీ, తక్కువ రేటు వేసే ఎల్-1 కూడా దొరకడు. ఒకటి ఉంచుదాం, ఏది ఉంచమంటారు?" అన్నాడు. చాలాసేపు ఆలోచించి, పుస్తకం ఉంచమన్నాను. పుస్తకం రాసి ఇచ్చేవాడు మిగతావి కూడా ఎంతో కొంత ఆలోచించి ఉంటాడని. ప్రీబిడ్ మీటింగులో ఆ కాలమ్ చూసి ఓ కంపెనీ ప్రతినిధి చెయ్యెత్తి అడిగాడట: "సార్, ఈ పుస్తకం సీడీలో ఇస్తే సరిపోతుందా?"